పద్మ ఎవరండీ?

కొల్లేటి గట్టు మీది ఆ ఊళ్లో జోరీగ ఏ ఆవును కుట్టి వస్తే ఆ ఆవు పేరే పాడుతుంది. అదేం వింత కాదు. వినేసి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. పైగా ఊరంతా కూడబలుక్కున్నట్టు ఆవులకు లక్ష్మి అనే పేరు పెట్టారేమో, ఏ ఈగ ఎవరి పాకలోంచి వచ్చిందో తెలిసేదే కాదు. సారమ్మ ఒక్కతే తన ఆవును ఎస్తేరు అని పిలుచుకునేది.

ఎస్తేరు నిండు చూడితో ఉంది. మొగుడు పోయాక సారమ్మకు దాని పాలే ఆధారం. ఆ పొద్దున తవుడు కలుపుతుంటే ఓ జోరీగ వచ్చి ఎస్తేరు చుట్టూ తిరుగుతూ 'పద్మా, పద్మా' అంది.

ఊళ్లో పద్మ అనే ఆవే లేదు. సారమ్మ తువ్వాలుతో తోలితే ఈగ పక్కింటి గోడ దాటింది.

"సత్తిరాజు గారూ, మీ ఇంట్లో పద్మ ఎవరండీ?" అని గోడ మీంచి కేకేసింది.

సత్తిరాజు మొహం పాలిపోయింది. బియ్యం చెరుగుతున్న ఆయన భార్య రత్నాంబ చేట పక్కన పెట్టి లేచింది. "ఎవరండీ ఆ పద్మ?"

"ఆడమనిషి కాదే బాబూ! సంతలో కొన్న ఆవు. ఒళ్లంతా గడ్డలు లేచాయి. ఊళ్లో తెలిస్తే తోలెయ్యమంటారని వెనక పాకలో దాచాను."

"ఈగల దగ్గర దాపరికమేంటండీ? నా ఎస్తేరు ఒట్టి మనిషి కాదు కదా," అంది సారమ్మ.

కబురందుకుని ఏలూరు నుంచి పశువుల డాక్టరు ప్రీతి వచ్చింది. "రక్తం సగం తాగి లేచిన ఈగ మిగతాది పక్క పశువు మీద తాగుతుందండీ. మూతికంటిన జబ్బు అక్కడ దించేస్తుంది," అని, బాగున్న పశువులన్నిటికీ టీకాలు వేసింది. పద్మను తోలెయ్యొద్దు, ఈగ దూరకుండా దోమతెర కట్టండి అంది.

ఆవుకు సరిపోయే దోమతెర ఎక్కడ దొరుకుతుంది? రత్నాంబ తన పందిరిమంచం తెర విప్పి తెచ్చింది. చాలకపోతే సారమ్మ తన తెర తెచ్చి అతుకు వేసింది. రోజూ పేడ దూరంగా ఎత్తిపోశారు, వేపాకు పొగ వేశారు. పొద్దున్నే ఊపిరి బిగబట్టి ఈగల పాట వినడం సారమ్మకు అలవాటైపోయింది. 'పద్మా' అనేది పలచబడి, ఓ రోజు ఒక్క లక్ష్మి పేరే వినబడింది. ఆ వేళ సారమ్మ ఎస్తేరు మెడ కావిలించుకుని ఏడ్చేసింది.

తెర కింద పద్మ గడ్డలు ఎండి చెక్కు కట్టాయి. ఎస్తేరు పెయ్యదూడను ఈనింది. దానికేం పేరు పెట్టాలో సారమ్మ మనసులోనే అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. ఇంతలో ఓ జోరీగ దూడ చెవి మీద వాలి, లేచి గోడ దాటింది.

కాసేపటికి అవతల నుంచి సత్తిరాజు గొంతు వినబడింది.

"సారమ్మా, మా ఇంట్లో రత్నం ఉందంటే సరే. మీ ఇంట్లో రత్నం ఎవరు?"