గెడ్డ ఇసక మీద బస

మా ఆయన నాగబాబు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఈసారి ఆయన పట్టింది కుందేలు కాదు, ఒక పాత స్కూలు బస్సు. దాన్ని సాలూరు తీసుకెళ్ళి, లారీలకి బాడీ కట్టే షెడ్డులో పెట్టి, లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించమన్నాడు. ఏప్రిల్ నడిమికి చేపల వేట నిషేధం వస్తుంది, రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే పడుంటాయి. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదినీ ఆ బస్సెక్కించి, నెల్లాళ్ళు కొండలన్నీ తిప్పి తెస్తానన్నాడు. బస్సు ఇంకా షెడ్డులో ఉండగానే మా ఇంట్లో దారి గీయడం మొదలైంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మాది కళింగపట్నం పక్క ఒడ్డు. ఇంట్లో అయిదుగురం. నేను, ఆయన, ఎచ్చెర్లలో చదువుతున్న మా అమ్మాయి అరుణశ్రీ, మా మావ దాలయ్య, అత్త దానమ్మ. నిజానికి ఈ యాత్ర మా మావ కోసం. ఆయన అరవయ్యేళ్ళు సముద్రం మీదే బతికాడు. నడి సముద్రంలోంచి కొండల్ని గుర్తుపెట్టుకునే ఇంటికొచ్చేవాడు. ఈ కొండ ఆ కొండ వెనక్కి పోతే ఇక్కడ వల వెయ్యాలి, అదిగో ఆ రెండూ కలిస్తే మన ఊరు అని లెక్క. అన్నేళ్ళు తనకి దారి చూపించిన కొండల వెనకాల ఏముందో ఒక్కసారైనా చూడాలని ఆయన కోరిక. ఆ కోరికని నేనూ కాదనలేదు.

సాయంత్రమయితే చాలు, నాగబాబు సుద్దముక్క పట్టుకుని నట్టింట్లో గచ్చు మీద కూర్చునేవాడు. శ్రీకాకుళం, చీపురుపల్లి, గజపతినగరం, సాలూరు. అక్కణ్ణించి ఘాటీ ఎక్కి సుంకి, కోరాపుట్టు, దేవమాలి. దిగేటప్పుడు అరకు, అనంతగిరి, శృంగవరపుకోట. అరుణశ్రీ ఫోనులో చూసి ఎక్కడ ఎంత ఎత్తు ఎక్కాలో, ఎక్కడ బస్సు తిరగదో చెప్పేది. కొండల్లో ఇప్పపూలు రాలే రోజులవి, చెట్లన్నీ కొత్త చిగురు మీద ఉంటాయని తండ్రికి ఫొటోలు చూపించేది. మా అత్త ఆ గీతల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళేది.

మావది ఒకటే షరతు. ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఇసక మీదే పడుకున్నాడు. మంచం మీద నడుం వాల్చితే కూలిపోతున్నట్టుంటుందట. ఇసక లేని చోట నన్ను ఆపకండిరా అన్నాడు. కొండల్లో ఇసకెక్కడ దొరుకుతుంది? తండ్రీ కూతుళ్ళు రెండు రోజులు ఫోనులో వెతికారు. చివరికి సుంకి దాటాక, రెండు కొండల మధ్య ఒక కొండవాగు వంపులో, మావాళ్ళు గెడ్డ అంటారు, తెల్లగా మెరుస్తున్న మేట కనిపించింది. వేసవి కదా, గెడ్డలో నీళ్ళు పాయలా ఓ పక్కన పోతున్నాయి, మిగతాదంతా ఇసకే. అచ్చం బీచిలా ఉంది కదమ్మా అంది అరుణశ్రీ. నాగబాబు అక్కడ సుద్దతో పెద్ద సున్నా చుట్టాడు. నా గుండెలో రాయి పడింది.

ఎందుకంటే నేను సముద్రం మనిషిని కాదు. మా పుట్టిల్లు శ్రీముఖలింగం, మా నాన్న వంశధారలో వల వేసేవాడు. మా అమ్మమ్మ వాళ్ళది ఇంకా పైన, కొండ కింద, గెడ్డ గట్టు మీద. ఈ ఒడ్డు వాళ్ళకి నేను పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకీ ఏటి పిల్లనే. మా మేనత్త గెడ్డలో బట్టలుతుకుతుండగా పోయింది. ఆవేళ ఆకాశంలో మబ్బు లేదు, చుక్క వాన లేదు. వాన ఎక్కడో పైన కొండల్లో పడింది. నీళ్ళు నిలువెత్తున, చెట్లతో రాళ్ళతో కలిసి వచ్చేశాయి. గట్టు మీదున్న మేం కేక వేసేలోపు ఆవిడ లేదు. ఇదంతా నాగబాబుకి మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వాడు. గుజరాత్ పోయి వీరావల్‌లో తుపానులో బోటు నడిపినవాణ్ణి, మోకాలి లోతు నీళ్ళతో నన్ను బెదిరిస్తావా అన్నాడు.

"సముద్రం సెప్పొస్తాది బావా," అన్నాను. "పోటుకో ఏళ, పాటుకో ఏళ. గెడ్డ సెప్పదు."

సరేలే, గట్టు మీదే ఆపుతాను అన్నాడు. ఆ 'సరేలే' ఎలాంటిదో నాకు తెలీదా? మర్నాడు నేను గచ్చు కడిగాను. సాయంత్రానికి మళ్ళీ గీశాడు, సున్నా ఇసకలోనే ఉంది.

ఉగాది వెళ్ళాక బస్సు వచ్చింది. నీలం రంగు, మా బోటుకి వేసిన రంగే. మా ఒడ్డున కొత్త బోటు దించితే తొలిసారి వల వెయ్యరు. ఆ ఇంటి మగాళ్ళు మాత్రం ఎక్కి, ఒకసారి తిప్పి తెస్తారు. ఆడది అడుగు పెట్టకూడదు. బస్సుకీ అదే కట్టు అంది మా అత్త. ముందు తండ్రీ కొడుకులు వెళ్ళి, ఆ బసలో ఒక రాత్రి ఉండి, బండి గుణం చూసి వస్తారు, ఆ తరవాతే మనందరం అని తేల్చేసింది. ఇది బోటు కాదత్తా, నాలుగు చక్రాల బండి అని నేను అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కొండ గెడ్డ సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే, ఆ ఒక్కదాన్నీ దింపేసి వెళ్ళారు. ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు తెల్లవారుజామున బయల్దేరారు. మావ కొత్త లుంగీ కట్టుకుని, పెళ్ళికొడుకులా ముందు సీట్లో కూర్చున్నాడు. అత్త ఎర్రనీళ్ళు తిప్పి పోసింది. మగాళ్ళు వేటకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఎలా ఉంటామో అలాగే ఉండాలంది. ఇల్లు చిమ్మకూడదు, చెడ్డ మాట అనకూడదు, పోయినవాళ్ళని వెనక్కి పిలవకూడదు.

మధ్యాహ్నం తిరిగాక నాగబాబు వీడియో ఫోను చేశాడు. నేను అనుకున్నదే. బస్సు గెడ్డ నడి ఇసకలో ఉంది. పక్కన పాయలో నీళ్ళు గలగలమంటున్నాయి. మా మావ తలకింద తువ్వాలు పెట్టుకుని ఇసక మీద వెల్లకిలా పడుకుని కొండల వంక చూస్తున్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. మా అత్త ఫోను లాక్కుని, ముసలాడికి కొండగాలి పడదు, చెవులకి గుడ్డ కట్టమని కొడుక్కి చెప్పింది. బండి గట్టెక్కించమని నేను అరుస్తూనే ఉన్నాను. చక్రాల కింద రాళ్ళు పెట్టాను, ఎక్కడికీ పోదులే అన్నాడు. ఆ తరవాత మాట తెగిపోయింది.

పొద్దు వాలుతుండగా ఎండుచేపలు తీద్దామని ఒడ్డుకి వెళ్ళాను. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. తల మీద ఆకాశం శుభ్రంగా ఉంది. పడమటికి తిరిగి చూస్తే, కొండల వెనకాల నల్లటి మబ్బు గోడలా లేచి ఉంది. అందులో మెరుపులు. చప్పుడు లేదు, ఒకదాని మీద ఒకటి వెలిగి ఆరిపోతున్నాయి. చేపలు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

ఆ గెడ్డ ఎక్కడ పుడుతుందో చూడవే అన్నాను అరుణశ్రీతో. అది ఫోనులో వేలు పెట్టి, ఆ సన్నటి గీత వెంట పైకి, ఇంకా పైకి జరుపుకుంటూ పోయింది. గీత పెద్ద కొండల్లోకి వెళ్ళింది. తలెత్తి పడమటి మెరుపుల వైపు చూసి, మళ్ళీ నా మొహం చూసింది. నేను ఫోను అందుకున్నాను. అత్త అడ్డం వచ్చి నా మణికట్టు పట్టుకుంది. వేటలో ఉన్నవాళ్ళని వెనక్కి పిలిచే ఆడదాన్ని ఈ ఇంట్లో చూడలేదంది. చెయ్యి విదిలించుకున్నాను.

చీకటి పడ్డాక, నాలుగోసారికి పలికాడు. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఇక్కడ ఆకాశం నిండా చుక్కలే, వానేటి, మబ్బేటి అన్నాడు. నాన్న ఇప్పుడే కునుకు తీశాడు, లేపను అన్నాడు. బతిమాలాను. తిట్టాను. పిల్ల మీద ఒట్టు పెట్టాను. ఏడ్చాను కూడా. ఆయనకి కోపం వచ్చింది. ఏట్లో పుట్టినదానివి, నీళ్ళ గురించి నాకే చెప్తావా, ఫోను ఆపేస్తున్నాను, రేపొస్తాం అన్నాడు. ఆపేస్తే మళ్ళీ దొరకడని నాకు తెలుసు. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"అత్త పోనాది బావా. మీ అమ్మ పోనాది."

అత్త నా ఎదురుగానే నిలబడి ఉంది.

అవతల గెడ్డ నీళ్ళ చప్పుడు మాత్రం వచ్చింది. తరవాత అన్నాడు, "అబద్ధం. మజ్జానం మాటాడినాది కదా? సచ్చిపోతే ఏడుపేదే? ఆ ఇంట్లో ఒక్క ఏడుపూ ఇనపడ్డం లేదేటి?"

నిజమే. చావు జరిగిన ఇల్లు అలా ఉండదు. అత్త నన్నే చూస్తోంది. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి పడమటి వైపు ఒకసారి చూసి వచ్చింది. గచ్చు మీద, ఆ సుద్ద గీతల మధ్య కూలబడింది. ముడి విప్పి జుట్టు విరబోసుకుంది. రెండు చేతులా గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తుకుంది.

"ఓలమ్మో దానమ్మా, నీ గూటికి దీపమెవలెడతారే దానమ్మా! గంప దించి ఒక్క పూటైనా కూకుని తిన్నావేటే తల్లీ! నీ మొగుడు ఊళ్ళో లేడే దానమ్మా, నీ కొడుకు ఊళ్ళో లేడే!"

తన చావుకి తానే ఏడ్చింది. అరుణశ్రీ నిజంగానే బావురుమంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి, దానమ్మ కోసం దానమ్మే ఏడుస్తుంటే గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. ఆవిడ ఆపలేదు. ఏ సంతలో ఎంత బరువు మోసిందో, కడుపులో పోయిన ఇద్దరు పిల్లలు, ఏ తుపానుకి ఎక్కడ కూర్చుని మొగుడి కోసం ఎదురుచూసిందో, అన్నీ వరస తప్పకుండా చెప్పి ఏడ్చింది. నేను ఫోనుని ఆవిడ వైపు పట్టుకుని నిలబడ్డాను. ఆ గొంతు అత్త చెల్లెలు గున్నమ్మదనుకున్నాడట మా ఆయన. "నానా, లెగు, లెగు నానా," అని అరవడం వినిపించింది. ఇంజను లేచింది. అక్కడితో మాట తెగింది.

అత్త శోకం ఆపి, ముడి వేసుకుంది. వచ్చినవాళ్ళని ఇళ్ళకి పొమ్మంది. నేను ఫోను చేస్తూనే ఉన్నాను, కలవలేదు. ఏడుస్తూ ఘాటీ దిగుతున్నాడు, ఆ మలుపుల్లో ఏమవుతుందోనని ఇంకో భయం పట్టుకుంది. సాలూరు చేరాక ఆయనే చేశాడు. అమ్మని ఎక్కడ పడుకోబెట్టారని అడిగాడు. అబద్ధం చెప్పాను బావా అన్నాను. ఫోను అత్త చేతికిచ్చాను.

"నానేరా," అంది అత్త. "మీ నాన్న ఏటైనా తిన్నాడేటి?"

అవతల మగవాడు వెక్కిళ్ళు పెట్టడం వినిపించింది.

కోడి కూసే వేళకి బస్సు వచ్చింది. నాగబాబు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చి, మలుపు తిరిగి వంతెన దాటుతుంటే వెనక లారీలు వరసగా వస్తున్నట్టు హోరు వినిపించిందట. అద్దంలో చూస్తే దీపాల్లేవు. ఆగి దిగి చూస్తే ఇసక లేదు, గెడ్డ లేదు, ఒక కొండ నుంచి రెండో కొండ దాకా నల్లటి నీళ్ళు, అందులో దొర్లుతున్న చెట్లు. అది చెప్పి గుమ్మంలో కూలబడ్డాడు. మా మావకి ఘాటీ దారంతా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. పెళ్ళాం ఎదురుగా గచ్చు మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, పొద్దెక్కేదాకా వదల్లేదు. నాకు సంతోషంగా ఉంది. అబద్ధం ఆడినందుకు ఇప్పటికీ నాకేం సిగ్గు లేదు.

నిషేధం మొదలయ్యాక మళ్ళీ సుద్దముక్క బయటికొచ్చింది. ఈసారి నాగబాబు ప్రతి బస దగ్గరా ఆగి, ఇక్కడ పరవాలేదేటే అని నన్నే అడిగాడు. అన్నీ గట్టు మీద, ఊళ్ళ పక్కన పెట్టించాను. మావ మంచం మీదే పడుకుంటానని ఒప్పుకున్నాడు. ఏ మంచం ఎవరిదో పంచుతున్నాడు నాగబాబు. కిటికీ పక్కది అమ్మకి అన్నాడు.

అత్త పెరటి గుమ్మంలో చేపలు బాగుచేస్తోంది. తలెత్తకుండానే, "నన్ను లెక్కెట్టకండి," అంది.

ఎందుకని విరుచుకుపడ్డాను. మోకాళ్ళ నొప్పులా, బస్సంటే భయమా, లేక నా మీద కోపమా అని అడిగాను. కోపం లేదంది. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"పేరెట్టి ఏడ్సిన ఏడుపు ఊరికే పోదే అమ్మీ. అది ఎవలో ఒకల్ని అట్టుకెల్తాది. ఆయేళ ఆలిద్దరి కోసం బయల్దేరిన సావుని నా పేరెట్టి ఇటు తిప్పినాను. తెలిసే తిప్పినాను. నాను కొండల్లోకొస్తే అది మీతోపాటు బస్సెక్కుతాది. ఇక్కడుంటే, నన్ను ఎతుక్కుంటూ ఇక్కడికే వస్తాది."

మూఢనమ్మకమని అరవాలనుకున్నాను, అరవలేకపోయాను. మావ లేచి వెళ్ళి ఆవిడ పక్కన గుమ్మంలో కూర్చుని, తన మంచం కూడా లెక్కలోంచి కొట్టెయ్యమని కొడుక్కి చెప్పాడు.