కారణం రాయని నల్లబోర్డు

అక్షరాలు గుండ్రంగా ఉండడం మనిషికింత చేటు తెస్తుందని చాక్‌పీసు పిన్నికి కాపురానికొచ్చిన కొత్తలో తెలియదు. అప్పటికామెకి ఆ పేరూ లేదు. కిరాణా కొట్లో ఆమె రాసిన సరుకుల చీటీ ప్రార్థనా మందిరం కార్యదర్శి కంటబడింది. "ఇది దేవుడిచ్చిన చెయ్యమ్మా!" అని ఆయన మురిసిపోయి, మర్నాడే మందిరం గేటు పక్కనున్న నల్లబోర్డు ఆమెకి అప్పగించాడు. దేవుడు చెయ్యివ్వడమంటే ఏమిటో ఆమెకి పద్దెనిమిదేళ్ళ తర్వాతగానీ అర్థం కాలేదు.

వారానికోసారి బోర్డు తుడిచి కొత్తగా రాయాలి. పైన ప్రార్థన వేళలు, తర్వాత ప్రవచనం పేరు, ఆ కింద హాలు ఊడ్చే వంతు ఎవరిదో. అట్టడుగున ఒక గడి. ఆ గడిలోకెక్కిన మనిషి వెలి. పేరు ఉండదు, వృత్తీ వీధీ మాత్రమే ఉంటాయి: "తాళాల మేస్త్రీ, మూడో వీధి" అన్నట్టు. ఆ రోజు నుంచి ఆ మనిషికి ఎవరూ తలుపు తీయరు, పనికి పిలవరు, పలకరించరు. మందిరాన్ని నడిపే పెద్దాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని తప్పయిందని ఒప్పుకునేదాకా అంతే.

ఏం తప్పన్నది మాత్రం రాయరు. తప్పు పేరెత్తితే నోరు మైలపడుతుందని పెద్దాయన సెలవిచ్చాడు. దాంతో ఆ భాగం జనమే పూరించుకునేవారు. ఇటువంటి విషయాల్లో మనుషులు పిసినారితనం చూపించరు. తాళాల మేస్త్రీ గడిలోకెక్కిన వారంలోనే మూడిళ్ళు దోచాడు, రెండో సంసారం పెట్టాడు, చివరికి తాగుడు కూడా మొదలెట్టాడు. పాపం, ఆ వారమంతా అతను జ్వరంతో మంచం దిగలేదు. తర్వాత ఊరే వదిలి వెళ్ళిపోయాడు. అతనితో మాట్లాడొద్దని పిన్ని తన పిల్లలకీ చెప్పింది. ఎందుకని వాళ్ళడిగితే, "పెద్దవాళ్ళకి తెలుసు" అంది. ఆ పెద్దవాళ్ళలో తను లేదన్న సంగతి అప్పుడామెకి తట్టలేదు.

మామూలుగా కార్యదర్శి ఒక చిన్న చీటీ తెచ్చిచ్చేవాడు. పద్దెనిమిదో ఏట ఒక వారం ఆయన కళ్ళజోడు విరిగింది. చీటీ రాయడానికి బద్ధకించి, తీర్మానాల పుస్తకమే పట్టుకొచ్చాడు.

"నాకు ముక్క కనపడట్లేదమ్మా. నువ్వే చూసి ఎక్కించెయ్. ఆఖరి పేజీ చాలు."

పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివే మనిషికి, అందులోనూ డిగ్రీ చదివిన మనిషికి, ఆఖరి పేజీ చాలని చెప్పడం ఆయన చేసిన పొరపాటు.

ఆఖరి పేజీలో ఇలా ఉంది: "నర్సు, రెండో వీధి. కారణం: నీళ్ళు ముట్టని దీక్షనాడు, ఎనిమిదో నెల గర్భిణికి, మందిరం మెట్ల వెనక గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చినది." కింద పెద్దాయన సంతకం.

రెండో వీధి నర్సంటే పిన్ని తోడికోడలే. ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక ఇంటింటికీ తిరిగి సూదిమందులిస్తుంది, కట్లు కడుతుంది. పిన్ని ఇంట్లో షుగరు పుండుతో మంచాన పడ్డ అత్తగారి కాలికి రోజూ సాయంత్రం కట్టు మార్చేది ఆమే.

పిన్ని పేజీలు వెనక్కి తిప్పింది. బడి పంతులమ్మ: "'ఎలా తెలుసు?' అని అడగమని పిల్లలకి నేర్పినది." దర్జీ: "పెద్దాయన నడుము కొలత నలుగురిలో బయటికి చదివినాడు." తాళాల మేస్త్రీ: "ప్రవచనం మధ్యలో వాచీ చూసుకొన్నాడు. రెండుసార్లు."

రెండుసార్లు! నలభై రెండో పేజీ మీదున్న తన చేతిని పిన్ని చూసుకుంది. ఆ మనిషిని గడిలోకెక్కించింది ఈ చెయ్యే, మరి.

సాయంత్రం నర్సు వచ్చింది. పుస్తకం చూపిస్తే నిలబడే చదివి, అత్తగారి కాలు దగ్గర స్టూలు మీద కూలబడింది.

"ఇంటింటికీ తిరిగి సూదేసేదాన్ని, అక్కా. తలుపులు తియ్యకపోతే కిటికీలోంచి వెయ్యనా?"

"నేను రాయనే."

"నువ్వు కాకపోతే ఇంకొకరు రాస్తారు. నీ చేత్తో అయితే కనీసం అందంగానైనా పోతాను."

అత్తగారు పక్కకి ఒత్తిగిల్లింది. "వెళ్ళి ఆయన కాళ్ళమీద పడి వచ్చెయ్యవే. పోయేదేముంది?"

"ఊరికే పడితే ఊరుకోరత్తయ్యా. ఇంకెప్పుడూ ఎవరికీ అలా నీళ్ళివ్వనని ఒట్టేయించుకుంటారు. ఆ అమ్మాయికి కళ్ళు తేలిపోయాయి. లోపల బిడ్డ కదలడం మానేసింది. మళ్ళీ అలాంటి మనిషి నా ముందు పడిపోతే ఒట్టుందని ఊరుకోనా? అలాంటప్పుడు నేను నర్సునెందుకు?"

కట్టు విప్పుతుంటే అత్తగారు "అబ్బా" అనడం కూడా మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్న పిన్ని బోర్డు శుభ్రంగా తుడిచి వేళలు రాసింది, వంతులు రాసింది. గడి గీసి "నర్సు, రెండో వీధి" అని రాసింది. చాక్‌పీసు కింద పెట్టకుండా, పుస్తకంలో ఉన్న కారణం ఉన్నది ఉన్నట్టు దించింది. ఇంకా జాగా మిగలడంతో దర్జీనీ, పంతులమ్మనీ, తాళాల మేస్త్రీనీ కారణాలతో సహా ఎక్కించింది. ఆమె జన్మలో అంత కుదురుగా ఎప్పుడూ రాయలేదు.

ప్రార్థనకొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. ఒకావిడ పైకి చదవడం మొదలెట్టి నడుము కొలత దగ్గర చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గుంపులో ఎక్కిళ్ళలా పాకింది.

"వాచీ చూసుకున్నాడా? అంతేనా?" అంది మూడో వీధి పెద్దావిడ. మేస్త్రీ దోచిన మూడిళ్ళలో ఒకటి తనదేనని ఇన్నేళ్ళూ చెప్పుకు తిరిగిన మనిషి. తర్వాత ఎవరి మొహమూ చూడలేదు.

బేకరీ ఆయన మాత్రం పై వాక్యం దగ్గరే నిలబడిపోయాడు. "ఈ ఎనిమిదో నెల మనిషి... మా ఆవిడే. నాతో చెప్పనేలేదు" అన్నాడు. "భయపడిందేమో" అన్నారెవరో. ఆయన చెప్పులు విడవబోయినవాడల్లా మళ్ళీ తొడుక్కుని ఇంటి దారి పట్టాడు.

అంతలో పెద్దాయన వచ్చాడు.

"ఇదేంటమ్మా?"

"తీర్మానాలండీ. మీ సంతకాలున్నాయి."

"కారణం రాసే ఆచారం లేదు."

"రాయకూడదన్న తీర్మానమూ లేదండీ. మొదటి పేజీ నుంచీ చూశాను."

"తుడిచెయ్!"

"వారం తిరక్కుండా బోర్డు మీద చెయ్యి వేసినవాళ్ళు వెలి అని ఏడో పేజీలో ఉంది. అదీ మీ సంతకమే." పిన్ని తడిగుడ్డ ఆయన చేతిలో పెట్టింది. "మీరు తుడిస్తే ఫర్వాలేదేమో, చూడండి."

గుడ్డలోంచి నీళ్ళు ఆయన పాదాల మీదికి కారాయి. అందరూ ఆ చెయ్యి వంకే చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించాడు.

"సరే, నర్సు సంగతి చూద్దాం. ఒక్కసారొచ్చి తప్పయిందని చెప్పమను."

"నీళ్ళిచ్చినందుకా అండీ?" అంది పిన్ని, గేటు అవతలివాళ్ళకి కూడా వినపడేలా.

"నీకు భక్తి పోయిందమ్మా!"

"పోయిందండీ. నిన్ననే, నలభై రెండో పేజీలో."

"వచ్చే వారం ఈ గడిలో నువ్వే ఉంటావు."

"ఉంటాను. రాసేవాళ్ళని వెతుక్కోండి. కారణం మాత్రం కుదించకండి. జాగా చాలకపోతే ఇంకో బోర్డు తెప్పించండి."

గుంపంతా ఆమె వెనక నడిచిందని చెప్పడానికి లేదు. సగం మంది తలలొంచుకుని లోపలికి వెళ్ళారు, అలవాటు మరి. కొందరు గేటు దగ్గరే తచ్చాడారు. పదీ పదిహేను మంది ఇళ్ళకి మళ్ళారు. మధ్యాహ్నానికి పిన్ని భర్తకి ఆఫీసులో నాలుగు ఫోన్లు వచ్చాయి. ఆయన ఇంటికొచ్చి, "ఏం చేశావే?" అన్నాడు. "చదివాను" అంది. ఆయన బుర్ర గోక్కుని స్నానానికి వెళ్ళాడు.

అత్తగారికి మాత్రం సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పాల్సివచ్చింది.

"అయితే ఇంక మందిరానికి వెళ్ళవన్నమాట."

"వెళ్ళనత్తయ్యా."

"మరి దేవుడు?"

"ఆయన ఆ బోర్డు మీద ఎప్పుడూ లేడు. పద్దెనిమిదేళ్ళు రాసినదాన్ని, నాకు తెలీదూ?"

ముసలావిడ పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. అరవై ఏళ్ళుగా ఒక్క దీక్షా తప్పని మనిషి. ఇద్దరు బిడ్డల్ని ఎనిమిదో నెలలోనే పోగొట్టుకున్న మనిషి. పోయింది నీ భక్తి చాలకేనని అప్పటి పెద్దాయన చెబితే, అవునని నమ్మింది. కాసేపటికి, "మంచినీళ్ళు" అంది, ఎవరితోనూ కాదు. పిన్ని గ్లాసుతో రాబోతే వద్దని చెయ్యి ఊపింది.

సాయంత్రం మామూలు వేళకే గేటు చప్పుడైంది. నర్సు సంచీ పట్టుకుని బయటే నిలబడింది. గడిలోకెక్కిన మనిషి ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు.

"అక్కా, కట్టు సామాను ఇక్కడ పెట్టి వెళ్తాను. ఎలా కట్టాలో ఇక్కణ్ణించే చెబుతా."

పిన్ని లేచేలోగా లోపలి గదిలోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"లోపలికి తగలడవే! కాలు నాదా, బోర్డుదా?" తర్వాత పెద్దకోడలితో, "నా మంచం ఆ వీధి గదిలోకి లాగించు. తలుపు రెండు రెక్కలూ బార్లా తియ్యి. ఎదురింటావిడ కిటికీ సందులోంచి తెగ అవస్థ పడుతోంది, పాపం, మెడ పట్టేస్తుంది" అంది.