రెండు చేతుల కొలత

అంగుళానికి ఆరు కుట్లు కాదు నాలుగే, మళ్ళీ లెక్కపెట్టినా నాలుగే, ఈ ఊలు మరీ తాడులా ఉంది, అనుకుంటూ విజయదుర్గ అల్లిన నమూనా ముక్కని మోకాలి మీద పరిచి టేపు పెట్టింది, సాగదీయకూడదు, సాగదీస్తే ముక్క అబద్ధం చెబుతుంది, అలా సాగదీసి కొలిచే ఒకసారి ఆడపడుచుకి అల్లిన స్వెట్టరు రెండు ఉతుకులకి తొడలదాకా దిగింది, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు, పత్రికలోంచి చింపి దాచుకున్న కాగితంలో లెక్కంతా సన్న ఊలుకి, దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఈ లావు ఊలుతో ఏనుక్కి తొడగాలి, కాబట్టి కాగితంలోని కుట్లు వదిలేసి అంగుళాలు పట్టుకోవాలి, అంగుళాలకి మళ్ళీ కొత్త కుట్లు కట్టాలి, ఊలు మారితే కుట్లు మారతాయి, మనిషి ఒళ్ళు మారదు కదా, కింద రోడ్డు మీద జై తెలంగాణ అని మళ్ళీ అరుపులు, లేచి కిటికీ రెక్క వేసింది, ఇవాళా బందే, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టైర్లు కాలుస్తున్నారని టీవీలో చూపించారు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగులన్నీ మూసేశారు, అల్మాస్‌గూడలో స్నేహితుడి ఇంట్లో చదువుకుంటానని కొడుకు వంశీ పొద్దున్నే వెళ్ళాడు, ఫోను ఎత్తడు, చార్జింగు అయిపోయి ఉంటుంది, లేకపోతే, ఆ లేకపోతే దగ్గర ఆమె బుర్ర ఏనాడూ ఆగలేదు, లేకపోతే లాఠీ, లేకపోతే రాయి, లేకపోతే మనవాడు కాదు, ఆంధ్రావాడని మాటతీరు చూసి ఎవరో కాలరు పట్టుకోవటం, రోజూ చెబుతూనే ఉంది బయట ఎక్కువ మాట్లాడకురా అని, వాడు నవ్వి, నేను పుట్టింది కర్మన్‌ఘాట్‌లోనేగా అమ్మా, నన్నెవరు పట్టుకుంటారు అంటాడు.

చాతీ తాడు తీసి టేపు మీద పెట్టింది, యాదలక్ష్మికి టేపుతో పని లేదు, పురికొసలు తెచ్చి ముడులేసి కొలుస్తుంది, కింది వాటాలో పదేళ్ళుగా ఉంటోంది, నల్గొండ దగ్గర పల్లె వాళ్ళది, నిన్న మధ్యాహ్నం ముదురు నీలం ఊలు సంచీ, గుప్పెడు తాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, అక్కా, మా తమ్ముడు దశరథ వచ్చే వారం ఢిల్లీ పోతుండు, ఆడ ధర్నా ఉన్నది, సలి ఎముకలు కొరుకుతదంట, జర నీ చేత్తోని ఒక స్వెటర్ అల్లిపెట్టు, అంటే తను ఎగతాళికే అంది, మమ్మల్ని మూటాముల్లె సర్దుకోమనటానికి వెళ్ళేవాడికి నేనే స్వెట్టరు అల్లాలా యాదలక్ష్మీ అని, నిన్నెవరు పొమ్మన్నరక్కా, నువ్వు పోతే నీ కుక్కర్ కూత లేక నేను పొద్దుగాల ఎట్ల లేస్త, అని పకపకా నవ్వింది, ఇద్దరూ నవ్వారు, రాత్రి భర్త భానుమూర్తి మాత్రం నవ్వలేదు, డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు, వెంటనే కాదన్నారు, ఇప్పుడు ఆ మంట ఎవరి మీద పడుతుందో, మనం బెజవాడలో ఒక ఇల్లు చూసిపెట్టుకోవటం మంచిది అని పేపరు మడిచాడు, వంశీ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు, పాపం వీడికీ నాలాగే గుండెల్లో దడగా ఉందనుకుని విజయదుర్గ ఇంకో గరిటెడు పెరుగు వేసింది.

ముప్పై ఆరు, ఇదేంటి, దశరథ చాతీ ముప్పై ఆరేంటి, బస్సు నడిపే మనిషి, వినాయకుడిలా పొట్ట, ఈ కొలతకి అల్లితే తల కూడా దూర్చలేడు, యాదలక్ష్మి ముడి తప్పు వేసింది, అల్లాక పట్టకపోతే ఆంధ్రామె కావాలని బిగువుగా అల్లింది అంటారేమో, రోజులు అలాంటివి, ఎందుకైనా మంచిదని మిగతా తాళ్ళు కూడా పరిచింది, నిడివి, మెడ, భుజం, తర్వాత చేతులు, చేతులకి రెండు తాళ్ళు ఉన్నాయి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్ర దారం చుట్టింది, ఇదెక్కడి చోద్యం, లోకంలో ఎవరైనా ఒక చేతినే కొలుస్తారు, రెండో చెయ్యి దాని వెనకే నడుస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టింది, ఎర్రది ఒక వేలు పొట్టిగా ఉంది, వేలు వెడల్పు, అంతకి ఎక్కువా లేదు తక్కువా లేదు, ఆమె వేలు ఆ ఖాళీలో సరిగ్గా కూర్చుంది, ఎన్నోసార్లు కూర్చున్న వేలు, వాడు రెండో తరగతిలో సైకిలు మీంచి పడితే ఎడమ మోచెయ్యి కట్టు సరిగ్గా కుదరలేదు, ఆ చెయ్యి ఎదిగినా వేలెడు వెనకబడింది, ఎవరికీ కనపడదు, వాడి ప్రతి స్వెట్టరులో ఎడమ చేతికి కొన్ని వరుసలు తక్కువ అల్లుతుంది, వాడి తండ్రికి కూడా గుర్తులేదు ఆ సంగతి, ముప్పై ఆరుకి వదులు కోసం రెండు కలిపితే ముప్పై ఎనిమిది, ముందు వైపుకి సగం పంతొమ్మిది, సన్న ఊలుకి అయితే నూట పద్నాలుగు కుట్లు, ప్రతి చలికాలం వంశీ కోసం ఎక్కించేవి అవే, లావు ఊలుకి డెబ్భై ఆరు, అంకె మారింది అంతే, లోపల ఉన్నది వాడే.

సూదులు జారి ఎటో దొర్లాయి, మెట్లు ఎలా దిగిందో తెలియదు, యాదలక్ష్మి గడప దగ్గర బియ్యం చెరుగుతోంది, మీ తమ్ముడికి ఎడమ చెయ్యి పొట్టా అని అడిగింది విజయదుర్గ, చాట ఆగింది, యాదలక్ష్మి తల ఎత్తకుండానే, నేనొద్దన్న అక్కా, అమ్మకు చెప్పి పో బిడ్డా అన్న, చెప్తె ఏడుస్తది, అన్నం మానేస్తది, నన్ను ఇంట్ల పెట్టి తాళమేస్తది అన్నడు, నా మీద ఒట్టేయించుకున్నడు, దశరథతోనే ఢిల్లీ పోతుండు, వాడు కంటికి రెప్పలెక్క చూసుకుంటడు, పిల్లగానికి సలి పెట్టొద్దని నేనే ఊలు తెచ్చిన, నీ చేత్తోని అల్లింది తొడుక్కుంటె ఏం గాదనిపిచ్చింది, ఆ మాటలన్నీ విజయదుర్గకి దూరంగా వినపడుతున్నాయి, తనకి వ్యతిరేకంగా తన చేతనే అల్లించబోయారు, అల్లినంతసేపూ దశరథ చల్లగా ఉండాలనుకుంటూ కూర్చునేది, అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఎప్పటినించి, ఇంకెవరికి తెలుసు, అల్మాస్‌గూడ అంతా అబద్ధమేనా, నోట్లోంచి వచ్చింది మాత్రం, ఎలా కొలిచావు అని, అంతే.

ఎట్లేముందక్కా, గోడకు నిలవెట్టిన, సేతులు సాపి నిలవడ్డడు, రెండూ కొలువు ఆంటీ, మా అమ్మ అట్లనే కొలుస్తది అన్నడు, అంటూ యాదలక్ష్మి చెంగుతో ముక్కు తుడుచుకుంది, మా అమ్మ అట్లనే, ఆ మాట కూడా ఈ గదిలోనే ఖర్చు పెట్టాడు, విజయదుర్గ టేపు పట్టుకుంటే వాడు ఏనాడు నిలబడ్డాడు, త్వరగా అమ్మా, చక్కిలిగింత అమ్మా, ఫోనొచ్చింది అమ్మా, సగం చెయ్యి చాపి సగంలోనే పారిపోయేవాడు, మిగతా సగం ఆమె అంచనా వేసుకునేది, అందుకే ఇన్నేళ్ళూ ఏ స్వెట్టరూ వాడికి అచ్చంగా కుదరలేదు, ఈ ముడుల్లో వెంట్రుకవాసి తేడా లేదు, వీపు గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ బారుగా చాపి, కదలకుండా ఇచ్చిన కొలత ఇది, కన్నతల్లికి ఏనాడూ ఇవ్వని కొలత, వాడు కింది వాటాలో ఇచ్చి వచ్చాడు.