కొచ్ ఊరి మాట

ఖాళీ పాలక్యాన్లను ఒక్కొక్కటే బండిలో పడుకోబెట్టి, దొర్లకుండా తాడు బిగించాడు అంబ్రుష్. అరవై నాలుగేళ్ళ మనిషి. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయిగానీ ముడి మాత్రం ఒక్క విసురులో పడింది. ఇరవై మూడేళ్ళుగా కొచ్ ఊరి సహకార సంఘం పాలను పట్నంలోని పాలకేంద్రానికి చేర్చడమే అతని పని.

బస్సు తప్పిన ఒకామె పాలకేంద్రం గేటు దగ్గర నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. చంకలో కాగితాల సంచి.

"బాబాయ్, కొచ్‌కేనా?"

"అటే. పాలవాసన ఓర్చుకోగలవా మరి?"

"నడకకన్నా నయమే," అంటూ ఎక్కి పక్కన కూర్చుంది.

పేరు ఎతెల్క. బుడాపెస్టులో నిఘంటువు తయారుచేసేచోట ఉద్యోగం. 'కొచి' అన్న మాటకోసం వస్తున్నానంది.

"మాట కోసమా? మా ఊళ్ళో ఇంకేది కరువైనా మాటలకు లేదులే," అని నవ్వాడు అంబ్రుష్.

ఎప్పుడో అయిదు వందల ఏళ్ళనాడు ఆ ఊళ్ళో చేసిన తేలికబండికి ఊరి పేరే వచ్చిందట. 'కొచి' అంటే కొచ్‌ది అని. ఆ పేరు బండెక్కి దేశాలు తిరిగింది. జర్మన్ల నోట 'కూచె', స్పెయిన్‌వాళ్ళ నోట 'కోచె', ఇంగ్లీషువాళ్ళ నోట 'కోచ్' అయింది.

"రష్యావాళ్ళు బండి తోలేవాణ్ణి కూచెర్ అంటారు. అదీ మీ ఊరి మాటే, జర్మన్ల మీదుగా వెళ్ళింది."

అంబ్రుష్ పగ్గాలు లాగాడు. గుర్రం నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఆ ఆఖరిది మళ్ళీ చెప్పమ్మా."

"కూచెర్."

అప్పుడతను పెళ్ళానికి కూడా చెప్పని సంగతి చెప్పాడు. యుద్ధం ముగిశాక రష్యావాళ్ళు ఖైదీలను మంచులో వరసగా నిలబెట్టి, ఏ ఊరని సైగలతో అడిగారు. సిపాయిగా వెళ్ళేదాకా అంబ్రుష్ రొట్టెల బట్టీలో పనివాడు, పగ్గం పట్టి ఎరగడు. కొచ్‌వాణ్ణి అనడానికి "కొచి" అన్నాడు. అధికారి ముఖం వికసించింది. "కూచెర్?" అంటూ చేతులతో పగ్గాలు లాగి చూపించాడు. అంబ్రుష్ తల ఊపాడు. అతన్ని గుర్రపుశాలకు పంపారు. పక్కన నిలబడ్డ పొరుగూరి గెర్గెయ్ కూడా తన ఊరి పేరే చెప్పాడు, మొచ అని. అది వాళ్ళకు ఏ పని పేరులానూ వినపడలేదు. అతన్ని బొగ్గుగనికి పంపారు. రెండో చలికాలం దాటలేదు.

"నువ్వు ఊరి పేరు చెప్పావు, ఆయనకు పని పేరు వినపడింది. రెండూ ఒకటే మాట బాబాయ్. ఇందులో అబద్ధమేముంది?"

"మాటలో లేదు. తల ఊపాను చూశావా, అందులో ఉంది."

"దానికి మా నిఘంటువులో అర్థం దొరకదు," అంది ఎతెల్క. "అతని వాళ్ళెవరైనా ఉన్నారా?"

"పెళ్ళాం ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఊరి దారి తొక్కలేదు నేను."

ఆమెను బడి దగ్గర దింపి, క్యాన్లు అప్పగించాడు. రోజూ అయితే ఆ వేళకు గుర్రాన్ని విప్పేవాడు. ఆ రోజు బండిని మొచ వైపు తిప్పాడు.

గెర్గెయ్ భార్య రొజాలియ వంటింట్లో గసగసాలు దంచుతోంది. అంబ్రుష్ చేతిలోని కొరడా తలుపు వారన ఆనించి, టోపీ తీసి, కూర్చోకుండానే అంతా చెప్పేశాడు.

"నేను తలూపకపోతే ఆ పని గెర్గెయ్‌కి దక్కేదేమో వదినా."

రోకలి ఆగింది. ఆమె పెదవులు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాడు. నవ్వేసింది.

"మా ఆయనకా? గుర్రాల పనా? చిన్నప్పుడొకటి తంతే పక్కటెముక విరిగింది. అప్పట్నుంచి గుర్రం ఎదురొస్తే సందులోకి దూరేవాడు. పెళ్ళినాడు బండెక్కనని మొండికేస్తే చర్చికి నడిచే వెళ్ళాం! ఆ రష్యావాడు కాళ్ళు పట్టుకున్నా నా మొగుడు తలూపడు." మెడకు చుట్టుకున్న గుడ్డతో కళ్ళొత్తుకుంది. "ఇదా ఇన్నేళ్ళూ మోశావు, పిచ్చివాడా? ఎప్పుడో రావాల్సింది. చచ్చిపోయాడని కాగితం వచ్చింది. ఎలా ఉండేవాడో చెప్పే మనిషే రాలేదు."

అంబ్రుష్ అప్పుడు కూర్చున్నాడు. రాత్రుళ్ళు ఇద్దరూ ఒకే ఖైదీల పాకలో పడుకునేవారు. గెర్గెయ్ అక్కడ పాడిన పాటలు, రొట్టెముక్కకు పెట్టిన పందేలు, నిద్రలో ఆమెను పిలిచిన పిలుపులు, గుర్తున్నవన్నీ చెప్పాడు. ఆమె వడ్డించిన గసగసాల సేమ్యా రెండుసార్లు అడిగి తిన్నాడు. ఎండ వాలుతుండగా ఈల వేసుకుంటూ బండెక్కాడు. గుర్రం తనంతట తానే ఇంటిదారి పట్టింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, మధ్యాహ్న భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తూ అంబ్రుష్ అలాగే కన్నుమూశాడు.

మొచ వచ్చిన రోజు అతను మరిచిపోయిన కొరడా రొజాలియ వంటింటి తలుపు వారనే ఉంది. ఊడ్చేటప్పుడు ఆమె దాన్ని పక్కకు తీసి, ఊడ్చాక మళ్ళీ అక్కడే ఆనించేది.