మూడు యుగాల పెళ్ళికొడుకు

వెండెల్ పైక్ పడితే జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. పడటం అతనికి విద్య. నేను అతని బొమ్మలకి కెమెరా తిప్పేవాణ్ణి. మాటల్లేని సినిమాల రోజులవి. పిడి చేత్తోనే తిప్పాలి, చుట్టూ ఎంత గొడవ జరుగుతున్నా చెయ్యి ఒకే వేగంతో తిరగాలి.

లాస్ ఏంజెలెస్‌లో మా స్టూడియో అంటే ఒక పాత కొట్టం, దాని వెనక ఎండకి తెల్లగుడ్డలు అడ్డం కట్టిన ఖాళీ జాగా. ఆ ఏడు తీస్తున్న బొమ్మలో ఒకే జంట మూడు యుగాల్లో పుడుతుంది. రాతియుగంలో పిల్లాడు తోలు చుట్టుకుని, దుడ్డుకర్ర పట్టుకుని పిల్ల వెంట పడతాడు. రోములో రథం తోలి గోడని గుద్దుతాడు. మూడోది మా కాలం. ఏ యుగమైనా ఆ పిల్లే, ఆ పిల్లాడే, ఆ తన్నులే.

పిల్లాడి వేషం వెండెల్‌ది, పిల్ల వేషం అతని భార్య అడీలాది. ఇద్దరూ ఊరూరా తిరిగే ఆటల బృందంలో పెరిగారు. అతను పడటం నేర్చుకున్నప్పుడు దెబ్బలకి మందు రాసింది ఆవిడే.

రోము భాగం అయిన వారంలోపే అడీలా రక్తం కక్కుకుంది. క్షయ. కొండల కింద ఉన్న శానటోరియంలో చేర్చాం. కదలకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, నవ్వకూడదన్నాడు డాక్టరు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే రక్తమే. అప్పట్నించీ వెండెల్ ఆవిడ మంచం పక్కన మొహం బిగించుకుని కూర్చునేవాడు. కుర్చీ కాలు తగిలి తూలితే ఆవిడకి నవ్వొస్తుందేమోనని చూసి చూసి అడుగేసేవాడు.

బొమ్మకి పెట్టుబడి పెట్టిన గ్రిసమ్ ఎంతకాలమని ఆగుతాడు? ఇంకో అమ్మాయిని పెట్టి బొమ్మంతా మళ్ళీ మొదట్నించీ తియ్యమన్నాడు, అడీలా ఉన్న ఫిల్ము అవతల పారెయ్యమన్నాడు. వెండెల్ బతిమాలాడు, కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. గ్రిసమ్ కరగలేదు.

ఈ సంగతి ఆవిడకి చెప్పకూడదనుకునే ఇద్దరం వెళ్ళాం. ఆవిడ మొగుడి మొహం చూసి నిమిషంలో అంతా లాగేసింది.

"నన్ను కుర్చీలో కూర్చోబెట్టండి. నువ్వు పడు, నేను మొహం మాడ్చుకుని చూస్తా," అంది.

"నవ్వొస్తే?"

"నీ పడటాలు చిన్నప్పట్నించీ చూస్తున్నాను. నవ్వంతా ఎప్పుడో అయిపోయింది నాకు."

అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

డాక్టరు ససేమిరా అన్నాడు. ఆవిడ తన పూచీ మీద తనే బయటికొచ్చేసింది. గ్రిసమ్ కూడా సరేనన్నాక, మూడో భాగం కథ దానికి తగ్గట్టు మార్చాం. మేడ వసారాలో కోపిష్టి పిల్ల కుర్చీలో కూర్చుని ఉంటుంది, కింద పిల్లాడు పువ్వులు పట్టుకుని నిచ్చెనెక్కుతాడు. రంగు డబ్బా మీద పడుతుంది, కుక్క ప్యాంటు పట్టుకుని లాగుతుంది, నిచ్చెన ఊగుతుంది. ఆవిడ మాత్రం చూపుల్తో కాల్చేస్తూ కూర్చోవాలి. కూర్చుంది. కెమెరాలోంచి నాకు ఆవిడ చేతులు కనిపించేవి. నవ్వాపుకోవడానికి గోళ్ళు అరచేతుల్లోకి దిగిపోయేవి. వెండెల్ పడ్డ ప్రతిసారీ ముందు ఆవిడ వంక చూసి, తర్వాతే లేచేవాడు.

చివరి రోజున నిచ్చెన మెట్టు నిజంగానే విరిగింది. అతను పడే తీరులన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది వాటిలో ఏదీ కాదు. మొద్దు పడ్డట్టు పడ్డాడు, కదల్లేదు.

అడీలా లేచింది. కుర్చీ తన్నేసి, గౌను ఎగ్గట్టి మెట్లన్నీ పరిగెత్తుకుంటూ దిగింది. అతని తల ఒళ్ళో పెట్టుకుని చెంపలు వాయిస్తూ ఏదో అంటోంది. కుక్క అరుపులు, జనం కేకలు, నా కెమెరా కటకటలు, ఒక్క ముక్క వినపడలేదు. అలవాటున చెయ్యి తిరుగుతూనే ఉంది. ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాక ఆపేశాను.

వెండెల్‌కి భుజం ఎముక విరిగింది, స్పృహ సాయంత్రానికి గాని రాలేదు. అడీలాకి మాట పడిపోయింది. ఆ చలికాలం వానలు మొదలవకముందే పోయింది. ఆ రోజు ఏమన్నావని అతను అడిగితే, అతని నోటి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుందట.

బొమ్మ విడుదలైంది. ఆవిడ రుమాలు తీసే ముందుదాకా ఉంచి మిగతాది కోశారు. ఆవిడ పరుగు చూసి హాలు హాలంతా నవ్వింది. నా పక్కన వెండెల్ కుర్చీ చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయాడు.

అప్పట్నించీ ఆ ఫిల్ము ముక్క నాచేత మళ్ళీ మళ్ళీ వేయించుకునేవాడు. తెరకి ముక్కు ఆనించి ఆవిడ పెదాలు చూసేవాడు. తిండి మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు.

"లియాన్, సరిగ్గా చూడు. నా చావుకి నువ్వే కారణం అంటోంది. అంతే కదూ?"

కాదంటే నమ్మడు. నిజానికి ఏమందో నాకూ తెలీదు. అతన్ని ఒంటరిగా వదిలితే ఏం చేసుకుంటాడోనని రాత్రిళ్ళు మా ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాను.

ఆఖరికి మా స్టూడియోలో బట్టలు కుట్టే ఒట్టీలీని పిలుచుకొచ్చాను. చిన్నతనంలో జ్వరమొచ్చి చెవులు పోయాయి ఆవిడకి, ఎదుటివాళ్ళ పెదాలు చూసే మాటలు గ్రహిస్తుంది. ముందు రానంది. చచ్చిపోయిన మనిషి మాట, చెడ్డదైతే ఎలా చెప్పనంది. వెండెల్ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏదైనా సరే చెప్పమ్మా. తిట్టైనా సరే."

ముక్క వేశాను. చూసింది. మళ్ళీ వెయ్యమంది. తర్వాత వెండెల్ వైపు తిరిగి, తన గొంతు తనకి వినపడని ఆ ముద్దమాటల్తో చెప్పింది.

"మొద్దు మొహమా, ఊపిరి తీసుకో. తీసుకో మరి. అంతే. అదే మళ్ళీ మళ్ళీ అంటోంది."

వెండెల్ నేల మీదకి ఒంగిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలీలేదు, వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఇంకోసారి వెయ్యనా అంటే వద్దన్నాడు. ఒట్టీలీ చెయ్యి ఆసరా చేసుకుని లేచి, బయట మెట్ల మీద కూర్చుని, ఆవిడ తన కోసం తెచ్చుకున్న రొట్టె సగం తిన్నాడు.

ఎండాకాలానికి మళ్ళీ పనిలోకొచ్చాడు. మాటల సినిమాలొచ్చి మమ్మల్నందర్నీ ఊడ్చేసేదాకా పడుతూనే ఉన్నాడు. జనం నవ్వుతూనే ఉన్నారు.