ఖాళీ తట్టలో ఇటుక

తట్టను చేత్తో పట్టుకోకుండానే సంతోషమ్మ రెండో అంతస్తు మెట్లెక్కింది. నెత్తిన ఆరు ఇటుకలు, కింద చుట్టబట్ట, మెడ నిటారుగా ఉంది. వయసు అరవై మూడు. మోత మొదలుపెట్టింది పదిహేడో ఏట. ఇబ్రహీంపట్నంలో ఆమె ఇటుకలు మోయని వీధి లేదు. కట్టినవాటిలో ఒక్క ఇంట్లోనూ కూర్చుని చాయ తాగింది లేదు.

బరువుంటే ఆమెకు భయం లేదు. చిక్కంతా ఖాళీగా దిగేటప్పుడే. నెత్తి తేలికైతే చాలు, కాళ్ల కింది నేల పక్కకు జరిగినట్టుంటుంది. నిరుడు మొదలైంది ఈ గోస. అందుకే దిగేటప్పుడు తట్టలో ఒక ఇటుక ఉంచుకుంటుంది. ఆ సంగతి తోటి కూలి భాగ్యకొక్కదానికే తెలుసు.

"దవాఖానకు పోరాదక్కా," అంది భాగ్య పొద్దున.

"పోతే పని బంద్ జెయ్యమంటరు. ఇంట్ల గోడలు చూసుకుంట కూసుంటనా? మేస్త్రీకి చెప్పకు, నీకు దండం పెడ్త."

మేస్త్రీ స్వామి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తల్లిలేనివాడు. ఇరవై ఏళ్లుగా ఆమె డబ్బాలోని పచ్చిపులుసే కలుపుకుని తింటున్నాడు. మధ్యాహ్నం ఇటుకలు దించుతూ, ఆమె తట్టలో ఒకటి మిగల్చడం చూశాడు.

"గిదేందక్కా, మళ్ల కిందికి మోస్తున్నవ్? మతి గిట్ల పోయిందా?" నవ్వుతూ దాన్ని తీసి పై మెట్టు పక్కన పెట్టాడు. "జర నెత్తికి ఆరాం ఇయ్యి."

నిజం చెబితే రేపటి నుంచి రావద్దంటాడు. ప్రేమతోనే అంటాడు.

"అవ్ తమ్మీ, మతి పోయింది," అని ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుంది.

మెట్లకు ఇంకా పట్టుకునే కమ్మీలు బిగించలేదు. నాలుగు మెట్లు బాగానే దిగింది. ఐదోది కాళ్ల కింద పక్కకు జరిగింది. కేక ఎవరికీ వినపడలేదు. తట్ట దొర్లిన చప్పుడుకే, కింద ఇసుక జల్లిస్తున్న భాగ్య పరుగెత్తింది. దవాఖానకు తీసుకెళ్తున్న ఆటో సాగర్ రోడ్డు ఎక్కేలోపే సంతోషమ్మ ప్రాణం పోయింది.

సాయంత్రం భాగ్య ఏడుస్తూ ఇటుక సంగతి చెప్పింది. స్వామి తన చేతులు చూసుకున్నాడు.

"నేనే తీసిన," అన్నాడు.

వారంలో పై అంతస్తు గోడ లేచింది. ఆ తర్వాత సున్నం పడింది, మెట్లకు కమ్మీలూ వచ్చాయి. పై మెట్టు పక్కన మాత్రం, సిమెంటు అంటని ఇటుక ఒకటి, స్వామి పెట్టినచోటే ఉంది.