ఇంట్లో ఒక మనిషి

మీనాకుమారికి వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క ఆదివారం పొద్దున్నే బాత్రూంలో పీట వేసుకుని కూర్చుని, తెల్లటి టైల్స్ మీద పేరుకున్న ఎర్ర మరకను యాసిడ్ పోసి తోముతుంది. బోరు నీళ్లలో ఇనుము. బక్కెట్లు ఎరుపు, జాకెట్ల చంకలు ఎరుపు, వండిన అన్నం కూడా ఓ మాదిరి పసుపు. తెల్ల టైల్సే కావాలని పట్టుబట్టినవాడు ఆమె మొగుడు ఉమాశంకర్. "పెద్ద హోటల్లో బాత్రూంలాగుండాల" అన్నాడు. అలాగే ఉంది. హోటల్లో తోమేవాళ్లకు జీతమిస్తారన్న సంగతి మాత్రం మహారాజుకు తట్టలేదు.

సుభాష్‌పల్లి పేట దాటి, ఆ రైల్వే ఊరు కూడా దాటి, పొలాలు చదును చేసి రాళ్లు పాతిన ప్లాట్లలో ఉంది ఆ ఇల్లు. గేటు పక్కన పాలరాతి పలక మీద 'ఉమాశంకర్ నిలయం' అని బంగారు రంగు అక్షరాలు. లోపల సిగ్నల్ రాదన్న వంక పెట్టి ఉమాశంకర్ ఆ పలక ముందే నిలబడి ఫోన్లు మాట్లాడతాడు. "మూడు తరాలు రైలోళ్ల కోటర్లలోనే బతికినాం. మా తాత అక్కడే పోయినాడు, మా నాన్న అక్కడే పోయినాడు. నేనొక్కణ్నే సొంత గోడ లేపినాను." ఆ గోడ లేపింది మీనాకుమారి పి.ఎఫ్. రైల్వే సర్వీసులో ఉండగా పోయిన తండ్రి తాలూకు ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఇరవై రెండేళ్లుగా వర్క్‌షాపులో మోటార్లకు రాగితీగ చుడుతోంది. ఉమాశంకర్ గోల్‌బజార్‌లో ఒక బట్టల కొట్టులో చిట్టా రాస్తాడు. పి.ఎఫ్. తీసేటప్పుడు ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి మరీ చూపించినవాడు, రిజిస్ట్రేషన్ రోజున మాత్రం "నీకు డ్యూటీ కదా, లీవెందుకు పాడుసేసుకుంటావు? నేనెల్లొచ్చేస్తాను" అన్నాడు, ఎంతో ప్రేమగా. వెళ్లి తన పేరున రాయించుకుని, కుండతో రసగుల్లాలు పట్టుకొచ్చాడు. ఆమె రెండు తింది కూడా. ఆ రెండు రసగుల్లాలు గుర్తొస్తే మొగుడి మీద కన్నా తన మీదే ఆమెకు ఎక్కువ రోత పుడుతుంది.

అంతకుముందు వాళ్లుండే పూరీ గేట్ దగ్గరి క్వార్టర్ రైల్వేవాళ్లు ఆమె పేరున ఇచ్చినది. రెండు గదులు, ముందు వరండా, సైకిలెక్కితే పది నిమిషాల్లో వర్క్‌షాపు గేటు. సొంతిల్లు పెట్టుకుని ఇంకా కోటరేటని నామోషీపడి, ఉమాశంకర్ దాన్ని ఆమె చేతనే వదిలిపెట్టించాడు. అక్కడ కుళాయి కారినా, కప్పు ఉరిసినా, మరమ్మతులు చూసే ఐఓడబ్ల్యూ ఆఫీసుకు వెళ్లి కంప్లెయింట్ పుస్తకంలో రాసి రావడమే ఇంటివాళ్ల పని. రేపో, వారానికో, నెలకో, నిచ్చెన భుజాన వేసుకుని రైల్వే మనిషి వచ్చేవాడు. మూడు తరాలు అలా బతికిన వంశానికి ఇల్లనేది దానంతటదే నడుస్తుందన్న నమ్మకం బాగా ముదిరిపోయింది. కొత్తింట్లో దిగిన రెండో వారం సెప్టిక్ ట్యాంకు పొంగి వాకిలంతా పారితే, అత్త చిట్టెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఏటే, కంప్లెయింట్ ఇచ్చినారా లేదా?" అంది. ఎవరికి ఇవ్వాలో తెలీక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మర్నాడే ఉమాశంకర్‌కు పరిష్కారం దొరికింది. కొట్టులోంచి గీతల రిజిస్టరొకటి తెచ్చి, మూలకు కన్నం పొడిచి, దారం కట్టి వంటింటి గుమ్మానికి వేలాడదీశాడు. తేదీ, కంప్లెయింట్, పని అయిందా లేదా. అతను రాస్తాడు, చిట్టెమ్మ చెప్పి రాయిస్తుంది. చూడాల్సిన మనిషెవరో ఎక్కడా రాయలేదు, రాయవలసిన అవసరం కూడా వాళ్లకు తోచలేదు. 'గేటు కీచుమంటున్నది.' 'పడమటి గదిలో గోడకు చెమ్మ.' 'కిటికీ జాలీ చిరిగినది, దోమలు.' ఒకసారి 'టీలో ఇనుము వాసన' అని కూడా రాశాడు, కింద సంతకంతో సహా. వానాకాలంలో టోటో బ్యాటరీ రిక్షాలు ఆ సందులోకి రావు. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచొచ్చిన మీనాకుమారికి, కాళ్లు కడుక్కోకముందే ఆ రిజిస్టరు ఎదురయ్యేది. కూతురు వినీల నెల్లాళ్లు ఆ ఇంట్లో ఉండి, కాలేజీ హాస్టలే నయమని మూట కట్టుకుని పోయింది. తెలివైన పిల్ల.

ఒకసారి బోరు మోటారు కాలిపోయింది. "నువ్వు ముట్టుకోకు, షాకు కొడతాది. మిస్త్రీని పిలిసినాను" అన్నాడు ఉమాశంకర్, ఇరవై రెండేళ్లు మోటార్లు చుట్టిన పెళ్లాంతో. మిస్త్రీ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు మీనాకుమారి లీవు పెట్టి, దాన్ని ఎత్తించి, విప్పి, తీగ చుట్టి, బిగించింది. నీళ్లొచ్చాయి. సాయంత్రం పలక ముందు నిలబడి "మోటారు బాగుసేయించినానురా, ఇప్పుడు కొత్తదాన్లాగుంది" అని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. లోపల ఉల్లిపాయలు తరుగుతున్న ఆమెకు కోపం కూడా రాలేదు. ఈ మనిషి మీద కోపం ఖర్చుచేయడం దండగనిపించింది.

ఈ ఆదివారం ఆమె టైల్స్ తోముతుండగా, అతను కాగితమొకటి పట్టుకుని బాత్రూం గుమ్మంలోకి వచ్చాడు.

"ఇదిగో. వాలంటరీ రిటైర్మెంటు ఫారం. అంతా నేనే నింపేసినాను. నువ్వొక సంతకం పెడితే సాలు. వొచ్చిన దాంతో పైనొక అంతస్తు లేపేద్దాం."

వెనకాలే చిట్టెమ్మ. "ఇల్లన్నాక ఇంట్లో ఒక మనిషుండాల కదే! పొద్దున్నే తాళమేసుకుని ఎల్లిపోతే ఇల్లేటవుతాది? నాకు సూస్తే మోకాళ్లు పన్జెయ్యవు."

"ఎన్నాళ్లని ఆ తీగలు సుట్టుకుంటావు? నీకూ సుకమే" అన్నాడు ఉమాశంకర్.

"ఆ ఒక మనిషి మీరే ఉండొచ్చు కదండీ" అంది మీనాకుమారి, బ్రష్షు ఆపకుండా.

అతను పగలబడి నవ్వాడు. హాస్యమాడిందనే అనుకున్నాడు పాపం. "నేనింట్లో కూకుంటే ఇల్లెవుడు నడుపుతాడే?"

యాసిడ్ ఘాటుకు ఆమె కళ్లు మండుతున్నాయి. ఇల్లు నడిపేవాడట! ఈ ఇల్లు మొదట ఆమె పి.ఎఫ్. మింగింది, తర్వాత ఆదివారాలు మింగింది, నడుము మింగింది. ఇప్పుడు ఉద్యోగం మింగుతానంటోంది. అది కూడా పెట్టేస్తే, రోజూ ఎనిమిది గంటలు తన పేరుతో తనను పిలిచే ఒకే ఒక్క చోటు పోతుంది. వర్క్‌షాపులో బెంగాలీ కుర్రవాళ్లు కాయిల్ ఎక్కడ షార్టయిందో దొరక్కపోతే, అక్కను పిలిచినట్టు 'మీనాదీ, ఓసారి చూడండి' అని వస్తారు. ఇక్కడ ఆమె గుమ్మానికి వేలాడే రిజిస్టరుకు జవాబు చెప్పే మనిషి. పైన అంతస్తు లేస్తే అద్దెకొచ్చేవాళ్లు కూడా అందులోనే రాస్తారు. అప్పుడు కూడా ఉమాశంకర్ పలక ముందు నిలబడే ఉంటాడు, రెండంతస్తుల మొనగాడు. ఇలాంటివాడికా తను ఇన్నాళ్లూ భయపడింది? అనుకుంటే సిగ్గేసింది. నీళ్లు కొట్టి, చేతులు కడుక్కుని, "అక్కడ పెట్టండి" అంది.

సోమవారం ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, నూనె కారకుండా టిఫిన్ క్యారియర్ కింద వేసుకుని డ్యూటీకి వెళ్లింది. భోజనాల వేళ క్వార్టర్ల సెక్షన్‌కు వెళ్లి క్వార్టరుకు దరఖాస్తు ఫారమొకటి అడిగి తీసుకుని, అక్కడే నిలబడి నింపింది. సెక్షన్‌లో గుమాస్తా దేవమణి, ఆమెకు పదిహేనేళ్ల స్నేహం. కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క గడీ చదవసాగింది.

"ఉండేవోళ్లు ఒక్కరేనా?"

"ఒక్కర్తినే."

దేవమణి ఆమె మొహంలోకి చూసింది. తర్వాతి గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"ఊర్లో నీ పేరున సొంతిల్లుందా అన్న కాడ లేదని రాసినావేటే? మీ గృహప్రవేశానికొచ్చి నేను బోంచేసినాను కదే!"

"నువ్వు బోంచేసినది ఉమాశంకర్ గారింట్లో. కాగితాలు తీయించి సూసుకో, నా పేరు ఎక్కడా ఉండదు" అంది మీనాకుమారి. "నాకు ఇల్లు లేదక్కా."